గాలి కొంత, కట్టుబడి కొంత

అమెరికాలో టోర్నడో వచ్చి వీధులకు వీధులు నేలమట్టమైన దృశ్యాలు టీవీలో కనబడినప్పుడల్లా మన ఇళ్లలో ఒక ప్రశ్న లేస్తుంది. అంత డబ్బున్న దేశంలో ఆ చెక్క ఇళ్లేమిటి? మనలా పిల్లర్లు లేపి శ్లాబు వేసుకుంటే పోదా? డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో పిల్లలు ఇల్లు కొనుక్కున్న తల్లిదండ్రులైతే ఈ మాట మరింత ఆదుర్దాగా అడుగుతారు. ప్రశ్న సబబైనదే. అయితే చెక్కా, కాంక్రీటా అని రెండు ముక్కల్లో తేల్చేస్తే అసలు సంగతి జారిపోతుంది. యాభై ఏళ్లకు పైగా ఇంజనీర్లు, వాతావరణ శాస్త్రజ్ఞులు శిథిలాల మధ్య తిరిగి పోగుచేసిన ఆధారాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు కనబడేది ఒకటే. ఇల్లు దేనితో కట్టారన్నది ఎంత ముఖ్యమో, దాని భాగాలను ఒకదానితో ఒకటి ఎలా బిగించారన్నది అంతకు రెట్టింపు ముఖ్యం. కప్పు నుంచి పునాది దాకా ఎక్కడా తెగని పట్టు ఉంటే చాలా టోర్నడోలకు చాలా ఇళ్లు నిలుస్తాయి. ఆ పట్టు లేకపోవడానికి కారణం గాలి కాదు, మనుషుల నిర్ణయాలు.

ఈ శాస్త్రానికి బీజం పడింది టెక్సాస్‌లోని లబక్ నగరంలో. 1970 మే 11 రాత్రి ఊరి నడిబొడ్డు మీదుగా టోర్నడో సాగిపోయింది, 26 మంది చనిపోయారు. అదే ఊళ్లో టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి సివిల్ ఇంజనీరింగ్ ఆచార్యులకు శిథిలాలు గుమ్మం ముందే దొరికాయి. వారిలో మన దేశం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కిశోర్ మెహతా ఒకరు. టోర్నడో గాలి లెక్కకు అందనిదనీ, దాని ముందు ఇంజనీరు చేయగలిగిందేమీ లేదనీ అప్పట్లో అందరూ నమ్మేవారు. మెహతా, ఆయన సహచరులు విరిగిన దూలం, వంగిన స్తంభం, ఒరిగిన గోడ ఒక్కొక్కటీ ఎంత బలానికి అలా అయి ఉంటుందో వెనక్కి లెక్క కట్టారు. తేలిన గాలి వేగాలు ఊహించినదానికన్నా బాగా తక్కువ. అంటే అంత విధ్వంసానికి అంత భయంకరమైన గాలి అవసరం లేకపోయింది. ఆ ఇళ్లు అంతకన్నా ముందే చేతులెత్తేశాయి.

అదే కాలంలో మరో పాత నమ్మకం కూడా కూలింది. టోర్నడో మధ్యలో వాయుపీడనం పడిపోతుంది కాబట్టి ఇల్లు లోపలి గాలి వల్ల పేలిపోతుందనీ, అందుకే ముందుగా కిటికీలు తెరిచి పెట్టాలనీ దశాబ్దాల పాటు సలహాలిచ్చారు. అది తప్పు, పైగా ప్రమాదకరం. ఏ ఇల్లూ అంత గాలి చొరబడనిదిగా ఉండదు, పీడనం సందుల్లోంచి సర్దుకుంటూనే ఉంటుంది. జరిగేది వేరు. గాలికి ఎదురుగా ఉన్న కిటికీ పగులుతుంది, లేదా రెండు కార్లు పట్టే వెడల్పాటి గ్యారేజీ తలుపు లోపలికి వంగి ఊడిపోతుంది. ఆ సందులోంచి దూసుకొచ్చిన గాలి కప్పును కింది నుంచి నెడుతుంది. కప్పు మీదుగా పారే గాలి అదే క్షణంలో దాన్ని పైకి లాగుతుంది. కప్పు లేచిందంటే గోడలకు పై ఆసరా పోయినట్టే. ఇక అవి తలో దిక్కుకూ పడిపోతాయి. దూరం నుంచి చూసేవాళ్లకు అది పేలుడులాగే ఉంటుంది. కిటికీలు తెరిచి పెట్టడమంటే ఆ గాలికి మనమే దారి ఇవ్వడం.

ఇప్పుడు అమెరికాలో మామూలు ఇంటి కట్టుబడిని కాస్త దగ్గరగా చూద్దాం. అడుగున కాంక్రీటు పలక. దాని అంచుల వెంట పొడుగ్గా పడుకోబెట్టిన అడుగు చెక్క. దాని మీద 16 అంగుళాలకు ఒకటి చొప్పున నిలువు చెక్కలు, వాటి నెత్తిన మళ్లీ అడ్డచెక్కలు, ఆపైన త్రికోణపు ట్రస్సులు, వాటి మీద ప్లైవుడ్ లాంటి పలకలు, అన్నిటికీ పైన పెంకుల్లా పరిచే తారు పలకలు. మామూలు రోజుల్లో ఈ ఇంటి బరువంతా కిందికే దిగుతుంది. ఒక చెక్క మీద ఇంకో చెక్క కూర్చుని ఉంటుంది, మేకుల పని అవి పక్కకు జరగకుండా చూడటమే. టోర్నడోలో దిశ తలకిందులవుతుంది. ప్రతి అతుకునూ గాలి పైకి లాగుతుంది. కిందికి మోయడానికి కట్టిన ఇల్లు పైకి లాగే బలానికి ఎక్కడ తేలిగ్గా విడివడితే అక్కడ విడివడుతుంది.

నిబంధనల ప్రకారం అడుగు చెక్కను కాంక్రీటులో నాటిన అరంగుళం మందం బోల్టులతో, ఆరడుగులకు మించని దూరాల్లో, నట్టూ వాషరూ వేసి బిగించాలి. టోర్నడో పోయాక నష్టాన్ని అంచనా వేసేవాళ్లు ఖాళీ శ్లాబు మీద మోకాళ్ల మీద కూర్చుని వెతికేది ముందుగా వీటినే. కొన్నిచోట్ల బోల్టులే ఉండవు, తుపాకీలాంటి యంత్రంతో కాంక్రీటులోకి దిగ్గొట్టిన మేకులుంటాయి. కొన్నిచోట్ల బోల్టు ఉంటుంది, నట్టు ఉండదు. ఇంకొన్నిచోట్ల అన్నీ సక్రమంగానే ఉంటాయి, అడుగు చెక్క చెక్కుచెదరకుండా శ్లాబును పట్టుకునే ఉంటుంది. కానీ దాని మీద గోడ లేదు. ఆ చెక్క పొడవునా జంటలు జంటలుగా మేకుల మొనలు ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉంటాయి. అడుగు చెక్క కింది నుంచి కొట్టిన ఆ మేకులు నిలువు చెక్క కొసలోకి, దాని నారల వెంబడే దిగుతాయి. పక్కకు నెడితే ఆగుతాయి గానీ నిట్టనిలువుగా లాగితే అలాగే జారి వచ్చేస్తాయి. మేకు వంగదు, చెక్క చీలదు. అంత తక్కువ బలానికే ఆ గోడ లేచిపోయిందని ఆ నిటారు మేకులే సాక్ష్యం చెబుతాయి. బోల్టు మీద తనిఖీదారు టిక్కు పెట్టి ఉంటాడు. బోల్టుకు పైన ఉండాల్సిన పట్టు సంగతి ఎవరూ అడిగి ఉండరు.

కప్పు దగ్గరా ఇదే కథ. ట్రస్సును గోడకు పట్టి ఉంచేవి చాలా పాత ఇళ్లలో ఏటవాలుగా కొట్టిన రెండు మూడు మేకులే. వాటి బదులు కప్పు చెక్కనూ గోడ చెక్కనూ కలిపి చుట్టే చిన్న ఇనుప పట్టీ వేస్తే పట్టు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక లెక్క చూద్దాం. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 90 మైళ్ల గాలి చదరపు అడుగుకు సుమారు 9 కిలోల ఒత్తిడి తెస్తే, 135 మైళ్ల గాలి 21 కిలోలు, 200 మైళ్ల గాలి 45 కిలోలు తెస్తుంది. చెక్క కప్పు సొంత బరువు చదరపు అడుగుకు ఏడు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. కప్పు మూలల్లో, అంచుల్లో లాగే బలం ఈ అంకెలను కూడా మించుతుంది. కాబట్టి 90 మైళ్ల గాలి దగ్గర నుంచే ఆ కప్పును ఇంటి మీద ఉంచేది దాని బరువు కాదు, ఆ మేకులూ పట్టీలే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది ఈ విషయమంతటికీ గుండెకాయ లాంటిది. టోర్నడో ఎంత తీవ్రమో కొలిచేది ఇళ్లతోనే. చికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన టెడ్ ఫుజితా 1971లో తన పేరుతో తెచ్చిన కొలమానం సున్నా నుంచి అయిదు దాకా ఉండేది. నష్టాన్ని చూసి గాలిని అంచనా కట్టడం దాని పద్ధతి. గట్టి ఇల్లు కూలడానికీ నాసి ఇల్లు కూలడానికీ అందులో తగినంత తేడా పాటించలేదన్న విమర్శతో టెక్సాస్ టెక్ ఆధ్వర్యంలో సవరించిన కొలమానం (ఇఎఫ్) తయారై 2007 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 28 రకాల నష్ట సూచికలున్నాయి. ఒకటి రెండు కుటుంబాల ఇంటికి పది మెట్ల నష్టం రాసి పెట్టారు. ఆఖరి మెట్టు, గట్టిగా కట్టిన ఇల్లు శ్లాబు మీద నామరూపాల్లేకుండా ఊడ్చుకుపోవడం. దానికి మామూలుగా రాసే వేగం గంటకు 200 మైళ్లు. కట్టుబడి లోపాలుంటే 165 మైళ్ల దాకా తగ్గించవచ్చు, అసాధారణంగా గట్టిదైతే 220 దాకా పెంచవచ్చు. అంటే ఒకే రకం ఖాళీ శ్లాబు నట్లు, వాషర్లను బట్టి ఇఎఫ్-3 కావచ్చు, ఇఎఫ్-4 కావచ్చు, ఇఎఫ్-5 కూడా కావచ్చు.

దీని ఫలితం గత పుష్కరకాలంలో బాగా కనబడింది. 2013 మే 20న ఓక్లహోమాలోని మూర్ పట్టణాన్ని తాకిన టోర్నడో తర్వాత పన్నెండేళ్ల పాటు అమెరికాలో ఒక్కదానికీ ఇఎఫ్-5 స్థాయి దక్కలేదు. 2014లో ఆర్కన్సాలోని విలోనియా, 2021 డిసెంబరు 10న కెంటకీలోని మేఫీల్డ్, 2023 మార్చి 24న మిసిసిపీలోని రోలింగ్ ఫోర్క్, అన్నీ ఇఎఫ్-4 దగ్గరే ఆగాయి. మేఫీల్డ్‌కు 190 మైళ్లు, రోలింగ్ ఫోర్క్‌కు 195 మైళ్లు రాశారు. ఊడ్చుకుపోయిన ఇళ్లున్నా, వాటిని పునాదికి బిగించిన తీరు అంతకన్నా ఎక్కువ రాయడానికి అడ్డుపడింది. ఇంత వ్యవధి యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం చాలా తక్కువనీ, కొలమానాన్ని వాడే తీరు మారడమే కారణమనీ ఆంథొనీ లైజా, హెరాల్డ్ బ్రూక్స్ మొదలైన శాస్త్రజ్ఞులు 2025లో వాదించారు. అదే ఏడాది జూన్ 20న నార్త్ డకోటాలోని ఎండర్‌లిన్ దగ్గర వచ్చిన టోర్నడోను కొన్ని నెలల విశ్లేషణ తర్వాత ఇఎఫ్-5గా పెంచారు. ఆ నిర్ణయానికి ఆధారం ఇల్లు కాదు, పట్టాల మీంచి ఎగిరిపోయిన రైలు వ్యాగన్లు. వ్యాగన్ బరువు తయారీ కాగితాల్లో ఉంటుంది, దాన్ని లేపడానికి ఎంత గాలి కావాలో లెక్క కట్టవచ్చు. ఇంటి విషయంలో ఆ నిశ్చయం లేదు.

రాడార్ కొలతలు మరో వైపు నుంచి ఇదే చెబుతున్నాయి. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనో దగ్గర వచ్చిన టోర్నడో 2.6 మైళ్ల వెడల్పుతో చరిత్రకెక్కింది. దాని గాలులు 290 మైళ్లు దాటాయని సంచార రాడార్లు పట్టుకున్నాయి. పొలాల మీదుగా పోయింది కాబట్టి కూలడానికి తగిన కట్టడాలు లేక దానికి దక్కింది ఇఎఫ్-3. జాషువా వర్మన్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం రాడార్‌తో కొలిచిన వేగాలు నష్టాన్ని బట్టి ఇచ్చిన స్థాయి కన్నా సగటున ఒకటి, ఒకటిన్నర మెట్లు ఎక్కువే ఉన్నాయి. గాలి బలం తక్కువ అంచనాకు వస్తోందని వాతావరణ శాస్త్రజ్ఞులు బాధపడుతున్నారు. ఇళ్లు తక్కువ గాలికే పోతున్నాయని ఇంజనీర్లు బాధపడుతున్నారు. పైకి చూస్తే విరుద్ధంగా ఉన్నా రెండూ నిజమే. సుడి నడుమ గాలి చాలా తీవ్రంగా ఉండొచ్చు, ఆ ఇల్లు మాత్రం ఆ గాలి రాకముందే పోయి ఉండొచ్చు.

నాకు అన్నిటికన్నా విలువైన ఆధారంగా తోచేది జాప్లిన్ నుంచి వచ్చింది. 2011 మే 22న మిస్సోరీలోని ఆ పట్టణంలో టోర్నడో 161 మంది ప్రాణాలు తీసింది. వేల ఇళ్లు దెబ్బతిన్నాయి. జాతీయ వాతావరణ శాఖ దాన్ని ఇఎఫ్-5గా ప్రకటించింది. అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ పంపిన బృందం ఇంటింటికీ తిరిగి చూసి ఇచ్చిన నివేదికలో 83 శాతానికి పైగా నష్టం 135 మైళ్లు, అంతకు లోపు గాలుల వల్లే జరిగిందని తేల్చింది. అంటే ఇఎఫ్-2 లోపే. ఎంత భయంకరమైన టోర్నడో అయినా దాని గరిష్ఠ వేగం ఒక సన్నని గీత మీదే ఉంటుంది. దానికి రెండు పక్కలా విశాలమైన పట్టీలో గాలి క్రమంగా తగ్గుతూ పోతుంది. దెబ్బతిన్న ఇళ్లలో ఎక్కువ భాగం ఆ పట్టీలోవే. అదీగాక అమెరికాలో ఏటా వచ్చే సుమారు 1,200 టోర్నడోల్లో అత్యధికం ఇఎఫ్-0, ఇఎఫ్-1 స్థాయివే.

టోర్నడోకు ఏ ఇల్లూ ఆగదన్న మాట అందుకే నాకు కోపం తెప్పిస్తుంది. నడి గీత మీద ఉన్న కొద్ది ఇళ్ల విషయంలో అది నిజం. మిగిలిన వందల ఇళ్ల విషయంలో అది బాధ్యత తప్పించుకోవడానికి పనికొచ్చే సాకు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్రెవాట్, ఆయనతో పాటు జాన్ వాన్ డి లిండ్ తదితరులు అలబామాలోని టస్కలూసాలో 2011లో వచ్చిన టోర్నడో తర్వాత రెండంచెల లక్ష్యాన్ని ప్రతిపాదించారు. తక్కువ, మధ్యస్థ గాలులకు ఇల్లే నిలవాలి. అతి తీవ్రమైన గాలికి ఇల్లు పోయినా లోపలి మనిషి బతకాలి. వినడానికి మామూలుగా ఉన్నా, అంతకుముందు నిబంధనలు రాసేవాళ్లు టోర్నడోను లెక్కలోకే తీసుకోలేదని గుర్తుంచుకోవాలి. కెనడాలోనూ ఇలాంటి ఆధారాలే వచ్చాయి. 2014 జూన్‌లో ఒంటారియోలోని ఆంగస్‌లో వచ్చిన ఇఎఫ్-2 టోర్నడో కొత్త ఇళ్ల కప్పుల్ని లేపేసింది. వెస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వెళ్లి చూస్తే కొన్ని ట్రస్సులకు ఉండాల్సిన మేకులే కొట్టలేదు. నిబంధన చాలకపోవడం ఒకటైతే, ఉన్న నిబంధన పాటించకపోవడం ఇంకొకటి. తనిఖీ జరిగే నాటికి ఆ అతుకు జిప్సం పలకల వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది.

మూర్ పట్టణం దారి చూపింది. 1999 మే 3న ఒకసారి పాత కొలమానంలో ఎఫ్-5, 2013 మే 20న మరోసారి ఇఎఫ్-5 స్థాయి దెబ్బ తిన్న ఊరది. రెండోసారి 24 మంది చనిపోయారు, వారిలో ఏడుగురు ప్లాజా టవర్స్ ప్రాథమిక పాఠశాల పిల్లలు. 2014లో ఆ పట్టణ మండలి సొంత నిబంధనలు తెచ్చింది. గంటకు 90 మైళ్ల గాలికి బదులు 135 మైళ్లకు ఇల్లు తట్టుకోవాలి. పైన చెప్పిన లెక్కన అది ఒత్తిడిలో రెండుంబావు రెట్లు. ట్రస్సులను 16 అంగుళాలకొకటి వేయాలి, కప్పును గోడకు ఇనుప పట్టీలతో కట్టాలి, పలకలకు ఒంటికి గాట్లున్న మేకులు దగ్గర దగ్గరగా కొట్టాలి, గ్యారేజీ తలుపు 135 మైళ్లను తట్టుకునేదై ఉండాలి. ఓక్లహోమా విశ్వవిద్యాలయం ఇంజనీరు క్రిస్ రామ్‌సేయర్ ఇందుకు సహకరించారు. అదనపు ఖర్చు చదరపు అడుగుకు ఒకటి రెండు డాలర్ల మధ్యే అన్నారు. రెండు వేల చదరపు అడుగుల ఇంటికి ఎక్కువలో ఎక్కువ నాలుగు వేల డాలర్లు. వంటింటి బండరాయికి కొందరు పెట్టే ఖర్చు అంతకన్నా ఎక్కువ.

ఇళ్లు అమ్ముడుపోవు, బిల్డర్లు పక్క ఊళ్లకు పోతారు అన్న అభ్యంతరం అప్పుడు గట్టిగానే వచ్చింది. ఆర్థికవేత్తలు కెవిన్ సిమన్స్, పాల్ కొవాక్స్ తర్వాత అమ్మకాల లెక్కలు తీసి చూశారు. పక్కనున్న నార్మన్‌తో పోల్చినా మూర్‌లో ఇళ్ల ధరలకు గానీ, కొత్త నిర్మాణాల అనుమతులకు గానీ దెబ్బ తగల్లేదు. ఓక్లహోమా అంతటా ఇవే నిబంధనలు పెడితే ఖర్చుకు మూడు రెట్లకు పైగా నష్టం తప్పుతుందని మరో అధ్యయనంలో లెక్క కట్టారు. అయినా మూర్‌ను చూసి నడిచిన ఊళ్లు చాలా తక్కువ. జాప్లిన్ మీద జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ చేసిన సుదీర్ఘ దర్యాప్తు 16 సిఫారసులిచ్చింది. వాటి ఫలంగా 2022 నాటి జాతీయ గాలిభార ప్రమాణంలో తొలిసారి టోర్నడోకు ఒక అధ్యాయం చేరింది. గొప్ప అడుగే. కానీ అది వర్తించేది ఆసుపత్రులు, బడులు, అగ్నిమాపక కేంద్రాలు వంటి ముఖ్య కట్టడాలకు. మనుషులు రాత్రి నిద్రపోయే మామూలు ఇంటికి వర్తించదు. ఈ మినహాయింపు ఖర్చు లెక్కల్లోంచి వచ్చిందని తెలుసు. మూర్ లెక్కలు చూశాక అది ఇంకెంతకాలం నిలబడుతుందో చూడాలి.

ఇంతవరకూ చెప్పింది పునాది ఉన్న ఇళ్ల గురించి. అసలు విషాదం పునాది లేని ఇళ్లలో ఉంది. ఫ్యాక్టరీలో తయారై, ఇనుప చట్రం మీద లాక్కొచ్చి, దిమ్మెల మీద నిలబెట్టే మొబైల్ ఇళ్లు దేశంలోని మొత్తం ఇళ్లలో పదో వంతు కూడా ఉండవు. ఇంట్లో ఉండగా టోర్నడోకు బలైనవారిలో సగానికి పైగా వాటిలోనివారే. 1976లో వీటికి దేశమంతటికీ వర్తించే నిబంధనలు వచ్చాయి. 1992లో ఆండ్రూ హరికేన్ ఫ్లోరిడాలో వీటిని తుడిచిపెట్టాక 1994లో తీర ప్రాంతాలకు గాలి జోన్లు పెట్టి కట్టుదిట్టం చేశారు. కానీ ఆ కట్టుదిట్టం హరికేన్లు వచ్చే తీరానికే. టోర్నడోలు తరచూ వచ్చే లోతట్టు రాష్ట్రాలన్నీ అన్నిటికన్నా తక్కువ గాలి జోన్‌లోనే ఉండిపోయాయి. అంటే ఒకే ఫ్యాక్టరీ తీరానికి పంపే ఇంటిని గట్టిగానూ, అలబామా లోతట్టుకు పంపే ఇంటిని బలహీనంగానూ చేయడానికి చట్టమే ఒప్పుకుంటోంది.

2019 మార్చి 3న అలబామాలోని లీ కౌంటీలో వచ్చిన టోర్నడో 23 మందిని బలిగొంది. వారిలో 19 మంది ఇలాంటి ఇళ్లలోవారే. ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రౌష్, ఆయన సహచరులు అక్కడ నేలలో నాటిన లంగరు కడ్డీలను, వాటిని ఇంటి చట్రానికి కలిపే ఇనుప పట్టీలను పరిశీలించారు. తుప్పు పట్టి తెగినవి కొన్ని, నేలలోంచి ఊడొచ్చినవి కొన్ని, అసలు సరిగా వేయనివి కొన్ని. ఇంటి గోడలు కూలి పడటం కాదు ఇక్కడ జరిగేది, ఇల్లంతా మనుషులతో సహా దొర్లుతుంది. హెచ్చరిక వస్తే ఆ ఇల్లు వదిలి పొమ్మంటారు. పల్లెల్లో అర్ధరాత్రి వానలో ఎక్కడికి పోవాలి? పదిమందికీ పనికొచ్చే ఆశ్రయం ఎన్నో మైళ్ల దూరంలో ఉంటుంది, కొన్నిచోట్ల అసలుండదు. నేల అద్దెకు తీసుకుని ఇల్లు మాత్రం సొంతంగా ఉన్నవాళ్లకు పట్టీలు మార్చే బాధ్యత ఎవరిదో కూడా స్పష్టంగా ఉండదు. గట్టి అతుకు ఖరీదు తక్కువే అయినా అది చేరనిది సరిగ్గా ఇలాంటి పేదల ఇళ్లకే. ఈ సమస్య మీద అధ్యయనాలు చాలా వచ్చాయి, డబ్బు మాత్రం రాలేదు.

ఇల్లు పోయినా మనిషి బతికే ఉపాయం కూడా లబక్‌లోనే పుట్టింది. ఇల్లంతా పోయినా నడుమనున్న చిన్న గది, స్నానాల గదో బట్టల అల్మరా గదో నిలబడి ఉండటం టెక్సాస్ టెక్‌లోని ఎర్న్‌స్ట్ కీస్లింగ్ వంటివారు గమనించారు. ఆ ఒక్క గదినే బలంగా కడితే చాలునన్న ఆలోచన 1970ల మధ్యలో మొదలైంది. అది 1998లో విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా ప్రామాణిక నమూనాలుగా బయటికొచ్చింది. ఆ గది గంటకు 250 మైళ్ల గాలికి నిలవాలి. దాని గోడనూ తలుపునూ పరీక్షించడానికి ఏడు కిలోల బరువైన చెక్క దుంగను గాలి ఫిరంగితో గంటకు 100 మైళ్ల వేగంతో విసురుతారు. టెక్సాస్ ఉత్తర భాగంలో, ఓక్లహోమాలో బంకమట్టి నేలల వల్ల ఇళ్లకు భూగర్భ గదులు అరుదు. జాప్లిన్‌లోనూ ఎక్కువ ఇళ్లకు లేవు. అందుకే గ్యారేజీ మూలలో పెట్టించే ఉక్కు గది అక్కడ ప్రాణాధారం. ఈ గదుల్లో, నిబంధనల ప్రకారం కట్టినవాటిలో, మనుషులు బతికి బయటపడ్డ ఉదాహరణలు ఎన్నో ఉన్నాయి.

అమెరికా దాటి చూస్తే పదార్థం సంగతి మరింత తేటపడుతుంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువమందిని చంపిన టోర్నడో బంగ్లాదేశ్‌లో 1989 ఏప్రిల్ 26న మానిక్‌గంజ్ జిల్లాలో వచ్చింది, సుమారు 1,300 మంది పోయారు. వెదురు, జనపకట్టెల గోడలు, రేకుల కప్పులు. ఊడిన రేకు గాలిలో కత్తిలా తిరిగి మనుషుల్ని నరికింది. మన దేశంలోనూ 1998 మార్చి 24న బెంగాల్, ఒడిశా సరిహద్దులోని దాంతన్ ప్రాంతంలో సుమారు 160 మంది చనిపోయారు. ఇక ఇటుక ఇల్లయితే చాలనుకునేవాళ్లు చైనాను చూడాలి. 2016 జూన్ 23న జియాంగ్సు రాష్ట్రంలోని ఫూనింగ్ ప్రాంతంలో వందమంది దాకా చనిపోయారు. ఊళ్లవాళ్లు సొంతంగా కట్టుకున్న, ఇనుము వేయని ఇటుక గోడల ఇళ్లు వాళ్ల మీదే కూలాయి. 2021 జూన్ 24న చెక్ దేశంలోని దక్షిణ మొరావియాలో దాదాపు అంతటి తీవ్రతకే వెయ్యికి పైగా ఇళ్లు దెబ్బతిన్నా ఆరుగురే చనిపోయారు. అక్కడ మందపాటి ఇటుక గోడలు చాలావరకు నిలిచాయి, పెంకులూ కప్పు చెక్కలూ పోయాయి. రెండుచోట్లా ఇటుకే, కట్టిన తీరే వేరు.

ఇప్పుడు మన శ్లాబు ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. అయిదంగుళాల శ్లాబు చదరపు అడుగుకు దాదాపు 30 కిలోలు తూగుతుంది. 135 మైళ్ల గాలి ఒత్తిడి 21 కిలోలు కాబట్టి చాలావరకు బరువే దాన్ని ఆపుతుంది, 200 మైళ్ల దగ్గర బరువు చాలదు, ఊచలు బీముల్లోకీ పిల్లర్లలోకీ దిగి ఉండాలి. విశాఖపట్నానికి మన ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం సూచించే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఇది ఇఎఫ్-2 మొదలయ్యే వేగం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు అదే చూశాం. శ్లాబు ఇళ్లు నిలిచాయి. రేకుల షెడ్లు, అద్దాల ముఖభాగాలు, విమానాశ్రయం పైకప్పు దెబ్బతిన్నాయి. మన దగ్గరా గాలికి లేచిపోయేది హుక్కులు సరిగా వేయని రేకు, ఊచ కట్టని పిట్టగోడ. శ్లాబు గొప్పతనం మీద నమ్మకంతో మేడ మీద వేసే రేకుల గదికి నాలుగు బోల్టులు దండగ అనుకోవడం ప్రతి వీధిలోనూ కనబడుతుంది.

అమెరికాలో చెక్కను వదలకపోవడానికి కారణాలున్నాయి. అడవులున్నాయి, ఆ పని తెలిసిన వడ్రంగులున్నారు, ఇల్లు కొన్ని నెలల్లో లేస్తుంది, భూకంపాలకు తేలికైన చట్రం మేలు. కాంక్రీటు పోసే మూసల ఇళ్లు అక్కడా ఉన్నాయి, ధర మాత్రం ఎక్కువ. ఒక ఇంటికి జీవితకాలంలో ఇఎఫ్-4 తగిలే అవకాశం చాలా తక్కువ కాబట్టి ఆ ధర పెట్టమని అందరినీ ఒప్పించలేం. పట్టీలు, బోల్టుల ఖర్చు పెట్టమని మాత్రం ఒప్పించవచ్చు, ఒప్పించాలి కూడా. 2015 డిసెంబరు 26న డల్లాస్ శివార్లలోని గార్లండ్, రౌలెట్‌ల మీదుగా ఇఎఫ్-4 టోర్నడో సాగి పదిమందిని చంపింది. 2019 అక్టోబరు 20న డల్లాస్ నగరంలోనే ఇఎఫ్-3 వచ్చింది. ఇవి తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉంటున్న ప్రాంతానికి పక్కనే.

అక్కడ కొత్త ఇల్లు బుక్ చేసుకునేవాళ్లకు ఒక అవకాశం ఉంటుంది, చట్రం లేచి గోడలకు జిప్సం పలకలు కొట్టకముందు. ఆ వారంలో సొంతంగా ఒక ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకుని కప్పు చెక్కకూ గోడకూ మధ్య ఇనుప పట్టీలున్నాయా, అడుగు చెక్క బోల్టులకు నట్టూ వాషరూ ఉన్నాయా, నిలువు చెక్కను అడుగు చెక్కతో కలిపే పట్టు ఉందా, గ్యారేజీ తలుపు ఎంత గాలికి తయారైంది అని అడిగి ఫొటోలు తీయించుకోవాలి. నగర పరిధి దాటిన కౌంటీ లేఅవుట్లలో ప్రభుత్వ తనిఖీ అంత గట్టిగా ఉండదు కాబట్టి అక్కడ ఇది మరీ అవసరం. పాత ఇల్లు కొన్నవాళ్లకు ముందుగా చేయదగ్గది గ్యారేజీ తలుపు మార్చడం, తర్వాత ఆశ్రయ గది. కప్పు తారు పలకలు పదిహేను, ఇరవై ఏళ్లకోసారి ఎలాగూ మారుస్తారు. ఆ రోజు పలకలు విప్పి ఉండగానే అడుగు ప్లైవుడ్‌కు గాట్లున్న మేకులు అదనంగా కొట్టించుకుంటే ఖర్చు చాలా కొద్దిగా పెరుగుతుంది. అలబామాలో ఇలాంటి కప్పులకు రాష్ట్రమే గ్రాంటు ఇస్తోంది, బీమా ప్రీమియం కూడా తగ్గుతుంది.